మార్కు కనపడాలంటే నడుం వంగాలి

ఈ కాలం కారు బానెట్టు ఎత్తి చూడండి. ఇంజను కనపడదు. నల్లటి ప్లాస్టిక్ మూత, దాని మీద కంపెనీ ముద్ర కనపడతాయి. ఆ మూత తీస్తే పైపులు, పైపుల కింద వైర్లు, వైర్ల కింద ఇంకో మూత. మా రోజుల్లో అంబాసిడర్ బానెట్టు ఎత్తితే ఇంజనుకు రెండు పక్కలా నేల కనపడేది. పానా చెయ్యి జారితే కింద టంగుమని మోగేది, వంగి తీసుకునేవాళ్లం. ఇప్పుడు పది నంబరు బోల్టు ఒకటి జారిందంటే దాని కోసం కింది షీల్డంతా విప్పాలి. విప్పేటప్పుడు ఆ షీల్డు క్లిప్పులు సగం విరుగుతాయి. వాటికి మళ్లీ వేరే బిల్లు.

సరే, ప్లాస్టిక్కును తిడుతూ కూర్చుంటే ముసలాడికి పని లేదంటారు. నా గోడు వేరు, అది టైమింగు మార్కుల గోడు. ఆటోనగర్‌లో ఇవాళ పని నేర్చుకుంటున్న ఏ కుర్రాణ్నయినా పిలిచి "ఈ బండికి టైమింగు మార్కు ఎక్కడుందిరా?" అని అడగండి. ముందు ఫోను తీస్తాడు. వీడియో వెతుకుతాడు. వీడియోలో ఉన్న మోడలు ఒకటి, ఎదురుగా ఉన్న బండి ఒకటి. కాసేపు రెండింటినీ మార్చి మార్చి చూసి, "దీనికి మార్కులుండవు బాబాయ్, అంతా ఈసీఎం చూసుకుంటుంది" అని తేల్చేస్తాడు. ఈసీఎం అంటే ఇంజనును నడిపే కంప్యూటరు. ఆ మార్కు వాడికి మూరెడు దూరంలో, పుల్లీ మీద పేరుకున్న జిడ్డు కింద ఉంటుంది. గుడ్డ పెట్టి తుడిచే ఓపిక కావాలి, అంతే.

ఈ మార్కుల సంగతి తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. పెట్రోలు ఇంజనులో పిస్టను గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని నొక్కుకుంటూ పైకి వస్తుంది. అది పూర్తిగా పైకి చేరే చోటును టాప్ డెడ్ సెంటర్ అంటారు, షెడ్డులో టీడీసీ అంటాం. సరిగ్గా అక్కడికి వచ్చాక ప్లగ్గు కొడితే ఆలస్యమైనట్టే. మంట సిలిండరంతా పాకడానికి కొంత సమయం పడుతుంది. అందాకా ఇంజను ఆగి ఉండదు గదా! నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజను సెకనుకు 50 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనులో వెయ్యో వంతుకు 18 డిగ్రీలు. కాబట్టి పిస్టను పైకి చేరడానికి కొన్ని డిగ్రీల ముందే నిప్పు పడాలి. ఎన్ని డిగ్రీలో కంపెనీ పుస్తకంలో రాసి ఉంటుంది. లోపలి పిస్టను బయటి మనిషికి కనపడదు. అందుకని క్రాంకు పుల్లీ అంచున ఒక గాటు, దానికి ఎదురుగా కదలని చోట ఒక ముల్లు పెట్టారు. అవే టైమింగు మార్కులు.

అంబాసిడర్ 1489 సీసీ పెట్రోలు ఇంజను ఇంగ్లండు బీఎంసీ వాళ్ల డిజైను. ఆ డిజైను గీసిన మహానుభావులు ముళ్లను పైన, కంటికి ఆనే చోట పెట్టలేదు. టైమింగు చైను కవరుకు అడుగున పెట్టారు. మూడు ముళ్లు. పొడుగుది టీడీసీ, మిగిలిన రెండూ 5 డిగ్రీలు, 10 డిగ్రీలు ముందు. చూడాలంటే గోనెసంచి పరుచుకుని బండి కిందకి దూరాల్సిందే. కిరసనాయిలు గుడ్డతో పుల్లీ తుడిచి, గాటును వైరు బ్రష్షుతో గీకి, అందులో సన్నగా తెల్ల రంగు పెట్టుకోవాలి. సన్నగా అని ఎందుకంటున్నానంటే, 15 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న పుల్లీ చుట్టుకొలత 47 సెంటీమీటర్లు. దాన్ని 360తో భాగిస్తే ఒక డిగ్రీకి వచ్చేది 1.3 మిల్లీమీటర్లు. సుద్దముక్కతో వేలెడు వెడల్పు గీత గీసి టైమింగు పెట్టానన్నవాడు పది డిగ్రీల తేడాను గీతలోనే దాచేశాడన్నమాట. మా మేస్త్రీ అలాంటి గీత చూస్తే చెరిపించి మళ్లీ గీయించేవాడు.

గాటూ ముల్లూ ఎదురుపడితే పని అయిపోయిందా? అక్కడే అసలు పరీక్ష మొదలు. నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంకు రెండు చుట్లు తిరిగితే వాల్వులను తెరిచే క్యాము ఒక చుట్టు తిరుగుతుంది. అంటే ఒకటో పిస్టను పైకి రావడం, మార్కు కలవడం రెండుసార్లు జరుగుతాయి. ఒకసారి మిశ్రమాన్ని నొక్కుతూ వస్తుంది, ఇంకోసారి కాలిన పొగను తోసేస్తూ వస్తుంది. రెండుసార్లూ మార్కు ఒకేలా కనపడుతుంది. ఏది ఏదో మార్కు చెప్పదు, మనిషే తెలుసుకోవాలి. ఒకటో ప్లగ్గు విప్పి ఆ రంధ్రం మీద బొటనవేలు పెట్టి ఇంజను మెల్లగా తిప్పితే, కంప్రెషను మీద వచ్చేటప్పుడు గాలి వేలిని నెట్టేస్తుంది. అదీ మనకు కావాల్సిన రావడం. వాల్వు కవరు తీసి ఉంటే ఇంకో దారి ఉంది. 1-3-4-2 వరసలో కొట్టే ఇంజనులో నాలుగో సిలిండరు వాల్వులు ఒకటి మూసుకుంటూ ఒకటి తెరుచుకుంటూ ఊగుతున్నాయంటే ఒకటో సిలిండరు కాల్చడానికి సిద్ధంగా ఉన్నట్టు. ఈ సంగతి పట్టించుకోకుండా, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ దింపేస్తే రోటరు సగం చుట్టు అవతలకి చూస్తుంది. బండి స్టార్టు కాదు సరిగదా, కార్బురేటరులోంచి తుమ్ముతుంది, సైలెన్సరులోంచి ఢామ్మంటుంది. వీధి వీధంతా బయటికి వచ్చి చూస్తుంది.

డిస్ట్రిబ్యూటరును మేం డెల్కో అనేవాళ్లం. ఆ డెల్కోలోని పాయింట్ల గ్యాపు 15 థౌ, అంటే అంగుళంలో వెయ్యికి 15 వంతులు, ఫీలర్ గేజితో చూసుకోవాలి. గ్యాపు సరిచేశాకే టైమింగు. ముందు టైమింగు పెట్టి తరవాత పాయింట్లు ముట్టుకున్నాడంటే పెట్టిన టైమింగు పోయినట్టే, ఎందుకంటే గ్యాపు మారితే పాయింట్లు విడిపోయి నిప్పు పడే క్షణమూ మారుతుంది. తరవాత 12 వోల్టుల బల్బుకు రెండు వైర్లు కట్టి, ఒకటి డెల్కో టెర్మినలుకు, ఒకటి ఎర్తుకు పెట్టాలి. ఇగ్నిషన్ తాళం తిప్పి, డెల్కో బాడీని వెంట్రుకవాసి కదుపుతూ పోతే బల్బు ఎక్కడ వెలిగిందో అక్కడ పాయింట్లు విడిపోయాయని లెక్క. అక్కడ బిగించాలి. రోటరు తిరిగే దిశకు ఎదురుగా బాడీని తిప్పితే టైమింగు ముందుకు, అదే దిశలో తిప్పితే వెనక్కి. లూకాస్ డెల్కోకు పక్కన గరుకు గరుకు నట్టు ఒకటి ఉండేది, ఏ, ఆర్ అని రాసి. వేళ్లతో తిప్పి చివరి సవరణ చేసుకోవడానికి. మొత్తం సరంజామా ఒక బల్బు, ఒక గేజి, రెండు పానాలు. కరెంటు పోయినా పని ఆగేది కాదు.

అయ్యాక బండి రోడ్డెక్కించేవాళ్లం. టాప్ గేరులో మెల్లగా పోతూ యాక్సిలరేటరు గట్టిగా నొక్కితే ఒక్క క్షణం సన్నగా టిక్కుటిక్కుమని, స్పీడు అందుకోగానే ఆగాలి. ఆగకపోతే టైమింగు బాగా ముందుకుంది. అసలే వినపడకపోతే వెనక్కి ఉండొచ్చు, బండి లాగదు, ఇంజను వేడెక్కుతుంది, పెట్రోలు తాగుతుంది. ఆ రోజుల్లో బంకులో దొరికే మామూలు పెట్రోలు 87 ఆక్టేన్, బరువు పడితే ఆ టిక్కుటిక్కు తొందరగా వచ్చేది. తిరుమల ఘాటు ఎక్కాల్సిన బండి అని తెలిస్తే, కుటుంబమంతా ఎక్కి సామాను పైన కట్టుకుంటారని తెలిస్తే, ఆ గరుకు నట్టు రెండు మెట్లు వెనక్కి తిప్పి పంపేవాళ్లం. తిరిగొచ్చాక మళ్లీ యథాస్థానం. ఓనరు ఎక్కడికి పోతున్నాడో అడిగి టైమింగు పెట్టే మెకానిక్కు ఇప్పుడున్నాడా? అడగడానికి ఓనరు షెడ్డులోకే రాడు. కౌంటరు దగ్గర ఏసీలో కూర్చుని కాఫీ తాగుతాడు.

టైమింగు తప్పుగా పెట్టినవాడికి శిక్ష కూడా అప్పటికప్పుడే పడేది. బ్యాటరీ దిగితే ముందు నుంచి హ్యాండిలు పెట్టి తిప్పేవాళ్లం. టైమింగు మరీ ముందుకుంటే పిస్టను పైకి చేరకముందే మంట అంటుకుని హ్యాండిలు వెనక్కి తన్నేది. అందుకే హ్యాండిలు పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగిలిన నాలుగు వేళ్ల పక్కనే ఉండాలి, చుట్టి పట్టుకోకూడదు. చుట్టి పట్టుకున్నవాడి మణికట్టు కట్టు కట్టించుకోవడానికి పోయేది. పనిలో చేరిన కుర్రాడికి మొదటి రోజు నేర్పే పాఠం అదే. ఇప్పటి కుర్రాళ్లకు మొదటి రోజు నేర్పేది వైఫై పాస్‌వర్డు.

తరవాత స్ట్రోబు లైటు వచ్చింది. ఒకటో ప్లగ్గు వైరుకు క్లిప్పు తగిలిస్తే ఆ ప్లగ్గు కొట్టినప్పుడల్లా దీపం మెరుస్తుంది. ఆ మెరుపులో తిరిగే పుల్లీ నిలబడిపోయినట్టు, గాటు ముల్లు పక్కన కదలకుండా ఉన్నట్టు కనపడుతుంది. మంచి పనిముట్టే, కాదనను. వాక్యూమ్ పైపు ఊడదీసి, దాని కొసను మూసి, స్లోలో చూడాలి. తరవాత రేసు ఇస్తే మార్కు ముందుకు జరగాలి. జరగలేదంటే డెల్కో లోపలి బరువులు తుప్పు పట్టి బిగుసుకున్నాయని అర్థం. ఇంకోటి గుర్తుంచుకోవాలి. ఆ వెలుగులో ఫ్యాను రెక్కలు కూడా ఆగినట్టే కనపడొచ్చు. ఆగాయి గదా అని చెయ్యి పెట్టకూడదు. ఈ హెచ్చరిక వినని వాళ్ల వేళ్లు ఆటోనగర్‌లో చూసి ఉంటారు.

మార్కును కూడా గుడ్డిగా నమ్మేవాళ్లం కాదు. కొన్ని బళ్ల పుల్లీకి లోపలి భాగానికీ బయటి వలయానికీ మధ్య రబ్బరు ఉంటుంది. ఆ రబ్బరు పాతబడి వలయం జారిందంటే దాని మీది గాటు అబద్ధం చెబుతుంది. అనుమానం వస్తే నిజమైన టీడీసీ వెతకాలి. ప్లగ్గు రంధ్రంలో స్క్రూడ్రైవరు పెట్టి, అది ఎక్కువ పైకి లేచిన చోటే టీడీసీ అనేవాళ్లుంటారు. అది చాలదు. పైకి చేరిన పిస్టను కొన్ని డిగ్రీల పాటు కదిలీ కదలనట్టు ఉంటుంది, స్క్రూడ్రైవరుకు ఆ తేడా తెలియదు. మేం పాత ప్లగ్గులో పింగాణీ పగలగొట్టి, దాంట్లో ఒక బోల్టు బిగించి, రంధ్రంలో పెట్టేవాళ్లం. ఇంజనును చేత్తో మెల్లగా ఒకవైపు తిప్పితే పిస్టను ఆ బోల్టుకు తగిలి ఆగుతుంది. పుల్లీ మీద ఒక గీత. వెనక్కి తిప్పితే రెండో వైపు ఆగుతుంది. ఇంకో గీత. రెండు గీతల మధ్య నడిమి చోటు నిజమైన టీడీసీ. దీనికి లాప్‌టాప్ అక్కర్లేదు, చందా కట్టే సాఫ్ట్‌వేరు అక్కర్లేదు.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. మూడు సిలిండర్లు, 796 సీసీ, 1-3-2 వరస, చైను బదులు రబ్బరు బెల్టు. "ఇంజనులో రబ్బరు బెల్టేంటి, పిండిమరా?" అని మా మేస్త్రీ నవ్వాడు. నవ్వాడే గానీ నేర్చుకోవడం మానలేదు. గేరుబాక్సు మూత మీద చిన్న రబ్బరు బిరడా తీస్తే లోపల ఫ్లైవీలు మీద మార్కు కనపడుతుందని, క్యాము చక్రం మీది చుక్క వెనక కవరు గీతకు, కింది చక్రం మీది చుక్క బాణం గుర్తుకు కలవాలని వారం తిరక్కుండా షెడ్డంతా వచ్చేసింది. కొత్త బండి వస్తే ముందు మార్కులెక్కడున్నాయో తెలుసుకోవడం మాకు అలవాటు. ఆ బిరడా ఊడిపోయిన బండి వస్తే తిట్టి మరీ కొత్తది పెట్టేవాళ్లం, లోపలికి బురద పోతుందని.

ఎలక్ట్రానిక్స్ వచ్చి అంతా నాశనం చేసిందని నేననను. అన్నవాడు పాయింట్లతో పని చేసి ఉండడు. పాయింట్లు అరిగేవి, వర్షంలో డెల్కో మూత చెమ్మపట్టి బండి నడిరోడ్డు మీద ఆగేది. 2000 తరవాత కాలుష్య నిబంధనలు బిగిసేకొద్దీ కార్బురేటరూ డెల్కో రెండూ పోయాయి. 2014లో జనవరిలో మారుతి 800, మే నెలలో ఉత్తరపారా కార్ఖానాలో అంబాసిడర్ తయారీ ఆగిపోయాయి. ఇప్పుడు చాలా బళ్లలో క్రాంకుకు 60 పళ్లకు చోటున్న చక్రం ఉంటుంది. రెండు పళ్లు కావాలనే తీసేసి 58 ఉంచుతారు. ఆ ఖాళీ సెన్సారు ముందుకు రాగానే క్రాంకు ఎక్కడుందో కంప్యూటరుకు తెలుస్తుంది. ఒక్కో పన్ను 6 డిగ్రీలు. నాకింగు, అంటే ఆ టిక్కుటిక్కు, వస్తే వినే సెన్సారు వేరే ఉంటుంది, వినగానే నిప్పు కాస్త వెనక్కి జరుపుతుంది. నేను చెవితో చేసిన పని అది క్షణక్షణం చేస్తోంది. ఒప్పుకుంటున్నాను.

కానీ కంప్యూటరు జరపగలిగేది నిప్పును. బెల్టు ఒక పన్ను ఎగిరితే దాన్ని వెనక్కి పెట్టలేదు. వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో ఇప్పటికీ బెల్టో చైనో చెబుతుంది. దాన్ని ఎక్కించేది మనిషి. కింద 20 పళ్లు, పైన 40 పళ్లు ఉన్న ఇంజనులో ఒక్క పన్ను తప్పితే క్రాంకు లెక్కలో 18 డిగ్రీల తేడా. ఇంజను తిరుగుతుంది, అదే ప్రమాదం. తిరుగుతోంది గదా అని బండి ఇచ్చేస్తారు. బెల్టు పూర్తిగా తెగితే కొన్ని ఇంజన్లలో పిస్టన్లు వెళ్లి తెరుచుకున్న వాల్వులకు కొట్టుకుంటాయి. అప్పుడు హెడ్డు విప్పాలి, వంగిన వాల్వులు మార్చాలి, బిల్లు చూసి ఓనరు కూర్చోవాలి.

మా మేనల్లుడి కారుకు ఇంజను లైటు వెలిగింది. ఒక సర్వీసు సెంటరులో స్కానరు పెడితే పీ 0016 కోడు వచ్చింది. క్రాంకూ క్యామూ చెప్పే లెక్కలు ఒకదానితో ఒకటి కలవడం లేదని ఆ కోడుకు అర్థం. వాళ్లు క్యాము సెన్సారు మార్చారు. మళ్లీ లైటు. క్రాంకు సెన్సారు మార్చారు. మళ్లీ లైటు. వైరింగు మీద అనుమానపడ్డారు, ఈసీఎం మార్చాల్సి రావచ్చన్నారు. "మావయ్యా, కంప్యూటరు మార్చాలంటున్నారు" అని వాడు ఏడుపు మొహంతో వచ్చాడు. "సెన్సార్లు రెండూ ఒకదాని మాట ఒకటి కాదంటుంటే, సాక్షి ఎవరో చూడాలి కదరా" అన్నాను. తెలిసిన షెడ్డులో వాల్వు కవరు విప్పించి, క్రాంకు మార్కు కలిపి పైన చూశాం. క్యాము మార్కు కలవాల్సిన చోటికి చేరలేదు. చైను సాగింది, టెన్షనరు చివరిదాకా వచ్చేసింది. సెన్సార్లు మొదటి నుంచీ నిజమే చెబుతున్నాయి. వాటినే చెత్తబుట్టలో వేశారు. కవరు విప్పి చూసే అరపూట పని చెయ్యకుండా, విప్పక్కర్లేని పార్టులకు డబ్బు కట్టించుకున్నారు.

ఇదీ నా కోపం. మార్కులు ఎక్కడికీ పోలేదు. వాటి కోసం చూసేవాళ్లు తగ్గిపోయారు. నిజానికి ఈనాటి ఇంజనులో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. కొన్నింటిలో క్రాంకు చక్రానికి కీ కూడా లేదు, ఒక్క బోల్టు బిగింపు మీదే నిలబడుతుంది. లాకింగు పిన్నులు పెట్టకుండా ఆ బోల్టు విప్పారా, మార్కు అనే మాటకే అర్థం ఉండదు. కొన్నింటిలో క్యాము చక్రం తనంతట తాను ముందుకూ వెనక్కీ జరిగే రకం, దాన్ని లాకు స్థానంలో ఉంచి కొలవాలి. చైను లింకుల్లో రెండు మూడింటికి రంగు వేసి ఇస్తారు. ఎక్కించేటప్పుడు అవి మార్కులకు కలవాలి. ఆ తరవాత ఇంజను రెండు చుట్లు తిప్పితే ఆ రంగు లింకులు మళ్లీ అక్కడికే రావు, చాలా చుట్లు పడుతుంది. అది తెలియక కంగారుపడి మళ్లీ విప్పినవాళ్లను చూశాను. చక్రాల మీది మార్కులు కలిస్తే చాలు.

పని నేర్చుకునే కుర్రాళ్లకు చెప్పేది ఇదే. విప్పకముందే మార్కులు కలిపి, రంగు పెట్టుకుని, ఆపైన బోల్టు ముట్టుకోండి. క్యామును చూసి క్రాంకును వదిలెయ్యొద్దు, క్రాంకును చూసి క్యామును వదిలెయ్యొద్దు. ఎక్కించాక ప్లగ్గులు తీసి, క్రాంకు బోల్టుకు పానా వేసి, అది తిరగాల్సిన దిశలోనే చేత్తో పూర్తిగా రెండు చుట్లు తిప్పండి. మధ్యలో గట్టిగా తగిలితే ఆపండి, బలం పెట్టొద్దు. రెండు చుట్ల తరవాత మార్కులు మళ్లీ కలిస్తే అప్పుడు తాళం తిప్పండి. చేత్తో తిప్పేటప్పుడు తప్పు తెలిస్తే పోయేది పది నిమిషాలు, స్టార్టరుతో తిప్పేటప్పుడు తెలిస్తే వాల్వులు పోతాయి.

కారున్నవాళ్లకూ ఒక మాట. బండి బాగానే నడుస్తోంది గదా అని బెల్టు వాయిదా వెయ్యకండి. పుస్తకంలో కిలోమీటర్లూ ఏళ్లూ రెండూ రాసి ఉంటాయి, ఏది ముందొస్తే అదే లెక్క. వాటరు పంపు ఆ బెల్టు మీదే తిరిగే బండి అయితే రెండూ ఒకేసారి మార్పించుకోండి. కౌంటరు దగ్గర కాఫీ తరవాత తాగొచ్చు. కవరు మూయకముందు లోపలికెళ్లి, పైన క్యాము మార్కు, కింద క్రాంకు మార్కు కలిసి ఉన్న ఫొటో అడిగి తీసుకోండి. పని తెలిసినవాడు సంతోషంగా చూపిస్తాడు. చూపించడానికి నసిగేవాడి దగ్గరికి రెండోసారి బండి తీసుకెళ్లకండి.